కీన్స్ - నాణెపు విలువ, కార్మికుని వేతనం

ఇరవయ్యవ శతాబ్దపు ఆర్థికవేత్తలలో అగ్రగణ్యుడైన జాన్ మేనార్డ్ కీన్స్ 1883 జూన్ 5వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జన్మించాడు. తండ్రి నెవిల్ కీన్స్ తర్కశాస్త్ర, అర్థశాస్త్ర పండితుడు. తల్లి ఫ్లారెన్స్ సంఘసేవా పరాయణురాలు. అనంతరకాలంలో ఆ నగర మేయరు పదవిని అలంకరించింది. కీన్స్ కింగ్స్ కళాశాలలో గణితశాస్త్రం అభ్యసించి, 1906లో లండనులోని ఇండియా ఆఫీసులో ఉద్యోగిగా చేరాడు. భారతదేశంలో అడుగు పెట్టకుండానే మన రూపాయి వ్యవస్థను నిశితంగా పరిశీలించి, 1913లో ఒక ప్రామాణిక గ్రంథం వెలువరించాడు.

మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వం బ్రిటిష్ పౌను విలువ 4.86 డాలర్లు. యుద్ధానంతరం ఆ విలువ క్షీణించింది. అయినను 1925 ఏప్రిలులో ఆర్థికమంత్రి చర్చిల్ దేశాన్ని తిరిగి స్వర్ణ ప్రమాణంలో ప్రవేశపెట్టి, పౌనుకు పూర్వపు విలువనే నిర్ణయించాడు. కీన్స్ దీనిని తీవ్రంగా ఖండించాడు. పౌను విలువ సుమారు 10 శాతం అధికమైనందున బ్రిటిష్ సరుకులు విదేశాలలో ఆ మేరకు ప్రియమవుతాయి. అవి అమ్ముడుపోవాలంటే స్వదేశంలో వేతనాలు అంతమేరకు తగ్గాలి. కాని ప్రభుత్వపు ఒక్క ప్రకటనతో మారకపు రేటు మారినట్లు వేతనాలు మారవు. ఒక్కొక్క పరిశ్రమలో సమ్మెలు, లాకౌట్లు, నిరుద్యోగ భయం కార్మికుని లొంగదీసిన తరువాతనే అవి దిగివస్తాయి. ఎగుమతులపై ఆధారపడిన పరిశ్రమకే తొలిదెబ్బ తగులుతుందని కీన్స్ హెచ్చరించాడు.

అదే జరిగింది. బొగ్గుగనుల యజమానులు వేతనాలు తగ్గించి, పనిగంటలు పెంచ సంకల్పించారు. 1926 మే నెలలో తొమ్మిది రోజుల సార్వత్రిక సమ్మె సాగింది. అది ముగిసిన పిదప కూడా గనికార్మికులు మాసాల తరబడి ఒంటరిగా పోరాడి, తుదకు ఆకలికి ఓడి తక్కువ వేతనానికి తలవంచారు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని విడనాడక తప్పలేదు.

1944లో బ్రెట్టన్‌వుడ్స్ మహాసభకు కీన్స్ బ్రిటిష్ ప్రతినిధివర్గ నాయకుడుగా వెళ్ళాడు. అక్కడ కుదిరిన ఒడంబడికలో మారకపు రేట్లు స్థిరమైనవే అయినా, మౌలికమైన అసమతౌల్యం ఏర్పడినపుడు వాటిని సవరించుకొనే అవకాశం లభించింది. 1946 ఏప్రిల్ 21వ తేదీన అతడు పరమపదించాడు.

ఈ చరిత్ర నుండి విద్యార్థులు గ్రహింపదగిన సత్యం ఒకటున్నది. వేతనాలు సులభంగా హెచ్చుతగ్గులయ్యే దేశం స్థిరమైన మారకపు రేటును భరించగలదు. అట్లు మారని చోట రేటును సడలింపక బిగించి ఉంచినచో, ఆ భారం ఉద్యోగాలపై పడుతుంది. నాణెపు విలువ తగ్గించినా కష్టం లేకపోలేదు. దిగుమతుల ధరలు పెరుగుతాయి. అయితే ఆ కష్టాన్ని జాతి యావత్తూ పంచుకుంటుంది. విలువను బలవంతంగా నిలిపినపుడు, దాని మూల్యాన్ని గనిలో పనిచేసేవాడు ఒక్కడే చెల్లించవలసి వస్తుంది.