దీనబంధు ఆండ్రూస్

దుఃఖములో నున్న మిత్రుని చెంతకు పోయి ఏమి చెప్పవలెను? క్రైస్తవుల పూర్వగ్రంథములోని యోబు కథ ఈ ప్రశ్నచుట్టునే తిరుగును. సర్వమును కోల్పోయి బూడిదలో కూర్చున్న యోబును చూడవచ్చిన ముగ్గురు స్నేహితులు మొదట ఏడు దినములు మాటలాడక ఆతని ప్రక్కనే కూర్చుండిరి. అంతవరకు బాగుగనే యుండెను. తరువాత నోరు విప్పి, ఈ కష్టములన్నియు నీ పాపఫలమే యని వాదింపసాగిరి. చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ ఆ మొదటి ఏడు దినముల స్నేహితునివంటి వారు.

ఆయన 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జన్మించిరి. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, మతాచార్య దీక్ష గైకొని, 1904లో ఢిల్లీలోని సెంట్ స్టీఫెన్స్ కళాశాలకు అధ్యాపకులై వచ్చిరి. రెండేండ్లకు ప్రిన్సిపాలు పదవి ఖాళీ కాగా, అది ఆంగ్లేయునికి గాక సుశీల్ కుమార్ రుద్రకే చెందవలెనని పట్టుపట్టిరి. రుద్ర నియమితులైరి. వారిద్దరి మైత్రి 1925లో రుద్ర మరణించువరకు చెక్కుచెదరలేదు.

1914 జనవరిలో గోఖలే ప్రేరణమున, పియర్సనుతో కూడ ఆయన దక్షిణాఫ్రికాకు పోయిరి. డర్బన్ రేవులో దిగగానే గాంధీజీ ఎవరని అడిగి తెలిసికొని, వంగి ఆయన పాదములను స్పృశించిరి. అక్కడి తెల్లవారికి ఇది పెద్ద అపచారముగ తోచినది! కొలది దినములకు ప్రిటోరియాలో స్మట్సుతో సంప్రదింపులు జరుగుచుండగా, కస్తూరిబా ప్రాణాపాయస్థితిలో నున్నదని వార్త వచ్చెను. పని ముగియనిదే గాంధీజీ కదలరు. ఒక్క వాక్యముకడ ఒడంబడిక నిలిచిపోయినది. అట్టి సమయమున ధైర్యము చెప్పుట సులభము. ఆండ్రూస్ ఆ రాత్రి నిద్ర మాని, ఉభయులకును సమ్మతమగు మాటను వెదకి, ఉదయమున స్మట్సుకడకు తీసికొనిపోయిరి. అది అంగీకృతమయ్యెను, గాంధీజీ భార్యచెంతకు బయలుదేరగలిగిరి. ఆ నెలలోనే ఇంగ్లండున ఆండ్రూస్ కన్నతల్లి కన్నుమూసినది. తల్లి కడసారి చూపు ఆయనకు దక్కలేదు.

నాటాలులో ఆయన ఒక కూలీని చూచిరి. తోటనుండి పారిపోయి వచ్చిన యాతడు తెల్లదొరను చూడగానే భయముతో ముడుచుకొనిపోయెను. మరుసటి యేడు వ్యాధినుండి కోలుకొనుచున్నప్పుడు ఆ ముఖమే మరల ఆండ్రూస్ కన్నులయెదుట నిలిచి, చూచుచుండగనే క్రీస్తు ముఖముగ మారినదట. దీనిని ఏమని వివరింతురో పండితులు చూచుకొందురు గాక. ఆయన మాత్రము ఆ 1915లోనే ఫిజీదీవులకు ఓడ ఎక్కిరి.

ఆ దీవులకు 1903 మొదలు మదరాసు రేవునుండియు కూలీలు పోవుచుండిరి. వారిలో తమిళులతోపాటు మన తెలుగువారును పెక్కుమంది. ఐదేండ్ల గిర్మిట్టు వ్రాసియిచ్చి చెఱకుతోటలలో చిక్కుకొన్నవారు. కూలీల బారకాసులలో తిరిగి, వారి మొఱలు విని, అచ్చటి ఆత్మహత్యలను, స్త్రీల దైన్యమును ఆండ్రూస్, పియర్సను లోకమునకు వెల్లడించిరి. 1917లో ఆండ్రూస్ మరల పోయిరి. ఆ యేటనే కూలీల ఎగుమతి ఆగినది. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములును రద్దయ్యెను. దీనబంధు వను పేరు ఆయనకు ఊరక రాలేదు.

1924 సెప్టెంబరులో మతకలహములకు ప్రాయశ్చిత్తముగ గాంధీజీ ఢిల్లీలో ఇరువదియొక్క దినముల ఉపవాసము పూనిరి. వలదని వాదించినవారు పలువురు. ఆండ్రూస్ పరిచర్యలో నిలిచి, యంగ్ ఇండియా పత్రిక భారమును తమ నెత్తిన వేసికొనిరి. రోగి మనస్సును పీడించు పని నొకదానిని తొలగించుటయు శుశ్రూషయే కదా. అక్టోబరు 8న వ్రతము ముగియునప్పుడు ఇమాం సాహెబు ఖురాను ప్రారంభమును పఠించిరి. ఆండ్రూస్ సిలువను గూర్చిన కీర్తనను పాడిరి. వినోబా ఉపనిషత్తును చదివిరి. పిమ్మట డాక్టరు అన్సారీ నారింజరసము నందించిరి.

1940లో ఆండ్రూసే కలకత్తా ఆసుపత్రిలో మంచము పట్టిరి. ఫిబ్రవరిలో శాంతినికేతనమునకు వచ్చిన గాంధీజీ ఆయనను చూడబోయి ప్రక్కన కూర్చుండిరి. ఏప్రిల్ 5న ఆండ్రూస్ దేహము చాలించిరి. లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది.