ఒక్క గడి బంటు: సుల్తాన్ ఖాన్ ఆట

స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుడి జీవితం రాసివ్వమని సంఘం వారు అడిగారు. గాంధీ గారి మీద, కలాం గారి మీద మిత్రులు ఎలాగూ రాస్తారు. నేను మన బడి చెస్ జట్టులో ఆడినవాణ్ణి, ఇప్పుడు ఎమ్మిగనూరులో ఆదివారాలు పిల్లలకు ఆట చెబుతున్నవాణ్ణి. అందుకని మీర్ సుల్తాన్ ఖాన్‌ను ఎంచుకున్నాను.

ఆయనది పంజాబులోని మిఠా తివానా గ్రామం. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. చిన్నతనంలో తండ్రి దగ్గర నేర్చుకున్నది దేశవాళీ చదరంగం. ఆదోని కోట కింది వీధుల్లో, ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళ అరుగుల మీద మన పెద్దలు ఆడిందీ దాదాపు అదే. ఊరికో పద్ధతి ఉండేది గానీ, ముఖ్యమైన తేడా ఒకటే: బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరగాలి. కోట కట్టడం లేదు, రాజు మాత్రం ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. అలాంటి ఆటలో బలగాలు వెంటనే తగులుకోవు. ఇరువైపులా నిదానంగా మోహరించి, ఆ తర్వాతే యుద్ధం.

జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయన్ను చేరదీసి యూరప్ పద్ధతి నేర్పించారు. 1928లో అఖిల భారత పోటీ గెలిచారు. 1929 వసంతంలో దొరగారి వెంట లండన్ చేరారు, ఆ వేసవిలోనే బ్రిటిష్ చాంపియన్ అయ్యారు. 1932, 1933లలో మళ్ళీ గెలిచారు.

ఆయనకు కష్టమల్లా ఆట మొదట్లోనే. ఎదుటివాళ్ళు పుస్తకాల్లో పది పన్నెండు ఎత్తులు బట్టీపట్టి వచ్చేవారు. రాజు ముందు బంటును రెండు గడులు తోస్తే పోరు త్వరగా ముదిరి, ఆ బట్టీ పనికొస్తుంది. మంత్రి ముందు బంటుతో మొదలుపెడితే ఆట సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది, చిన్ననాటి మోహరింపు చదువు అక్కడ అక్కరకొస్తుంది.

మా పిల్లలకు నేను చెప్పేది ఇది. తెల్లవాడు డి-బంటు, వెంటనే సి-బంటు రెండేసి గడులు తోస్తాడు. నల్లవాడు డి-బంటును ఎదురు నిలిపి ఉంటే ఆ సి-బంటును కొట్టవచ్చు. కొట్టినదాన్ని నిలుపుకోవాలని బి-బంటును కాపలా పెట్టాడా, తెల్లవాడి ఎ-బంటు వచ్చి ఆ గోడ కూలుస్తుంది. ప్రతి పిల్లవాడూ ఒకసారి ఇలా నష్టపోయాకే నమ్ముతాడు! కొట్టకుండా ఇ-బంటు ఒక గడి జరిపి డి-బంటుకు ఆసరా ఇవ్వాలి, గుర్రాన్నీ శకటునూ బయటికి తేవాలి, కోట కట్టాలి, అదను చూసి సి-బంటుతో మధ్య గడులను తట్టాలి. ఈలోగా తెల్ల గడుల శకటు (మనలో కొందరు ఒంటె అంటారు) సొంత బంట్ల వెనకే చిక్కుకుంటుంది. బి-బంటును ఒక గడి జరిపి దాన్ని పక్కనుంచి తేవడం ఒక ఉపాయం.

1930-31 హేస్టింగ్స్ పోటీలో సుల్తాన్ ఖాన్ మీద కాపాబ్లాంకా పట్టిన దారి ఇదే. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న మనిషి! తెల్లపావులు సుల్తాన్ ఖాన్‌వి. అయిదో ఎత్తులో ఆయన ఎ-బంటును ఒక్క గడి జరిపారు. నల్ల శకటు వచ్చి తన గుర్రాన్ని కట్టిపడేయకుండా ముందు జాగ్రత్త. ఈనాడు ఆ ఎత్తు పెట్రోసియన్ పేరున చలామణి అవుతోంది. తర్వాత కోట కట్టనే లేదు, ఏనుగుల దాడి మధ్య రాజును నడిపించారు. మంత్రినిచ్చి రెండు ఏనుగులు తీసుకుని, 65 ఎత్తుల్లో గెలిచారు.

ఆయన్ను చదువులేని సహజ ప్రతిభ అని రాసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఒక్క గడి బంటు, కోట కట్టని రాజు, రెండూ ఇంటి దగ్గర నేర్చుకున్నవే కదా? చదువు ఉంది, బడి వేరు.

ఇంగ్లండు జట్టుకు మూడు ఒలింపియాడ్లలో మొదటి బోర్డు ఆడారు. 1931లో ప్రాగ్‌లో రూబిన్‌స్టైన్‌నూ ఫ్లోర్‌నూ ఓడించారు, అప్పటి ప్రపంచ చాంపియన్ అలెఖిన్‌తో డ్రా చేశారు. దొరగారి ఇంట్లోనే ఉన్న ఫాతిమా 1933లో బ్రిటిష్ మహిళా చాంపియన్ అయింది. ఆమె కథ వేరే వ్యాసానికి తగినది.

1933 చివర దొరగారు స్వదేశం బయలుదేరారు, సుల్తాన్ ఖాన్ కూడా బయలుదేరారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళ లోపో, ఆ చుట్టుపక్కలో. ఉండాలా పోవాలా అన్నది ఆయన చేతిలో లేదు. ఇది నాకు కొత్తగా తోచదు. మన పడమటి పల్లెల నుంచి ఏటా కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతాయి, బోర్డు ముందు కూర్చునే పిల్లలూ వెంట పోతారు. కొందరు తిరిగొచ్చేసరికి బడి మానేసి ఉంటారు. నాకు దొరికిన మంచి ఆటగాళ్ళలో ఇద్దరు అలా పోయినవాళ్ళే.

1935లో ఖాదిల్కర్‌తో ఒక పోటీ ఆడి గెలిచాక ఆయన పెద్ద పందేల జోలికి పోలేదు, సేద్యం చూసుకున్నారు. 1950లో ప్రపంచ చెస్ సమాఖ్య మొదటి గ్రాండ్‌మాస్టర్ల జాబితా వేసింది. ఎప్పుడో ఆట మానేసిన రూబిన్‌స్టైన్ పేరు అందులో ఉంది, ఆయన్ను ఓడించిన సుల్తాన్ ఖాన్ పేరు లేదు. గౌరవ బిరుదు 2024లో ఇచ్చారు. ఆయన 1966లోనే సర్గోధాలో క్షయతో పోయారు. పిల్లలు చదరంగం కన్నా అక్కరకొచ్చే పని ఏదైనా చేసుకోవాలని ఆయన కోరుకున్నట్టు చెబుతారు.