మఖ్దూం మొహియుద్దీన్

మఖ్దూం మొహియుద్దీన్ (ఫిబ్రవరి 4, 1908 - ఆగష్టు 25, 1969) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఉర్దూ కవి, కార్మిక నాయకుడు, తెలంగాణా సాయుధ పోరాట యోధుడు. ఈయన కవితలు అనేకము హిందీ చలనచిత్ర గీతములుగా ప్రసిద్ధి పొందినవి.

జీవితము

మఖ్దూం అప్పటి మెదక్ జిల్లా అందోలులో జన్మించాడు. చిన్నతనములోనే తండ్రి మరణించగా పినతండ్రి వద్ద పెరిగాడు. రష్యా విప్లవము గురించి మొదట విన్నది ఆయన నోటనే. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఎం.ఏ. పూర్తిచేసి, పాతబస్తీలో మూసీ ఒడ్డున గల సిటీ కాలేజీలో అధ్యాపకుడయ్యాడు. కొద్దికాలానికే ఉద్యోగము వదలి, కమ్యూనిస్టు పార్టీ పూర్తికాలపు కార్యకర్తగా కార్మిక సంఘములు నిర్మించాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాడు. నిజామును, రజాకార్లను ఎదిరించిన ఈ ముస్లిము కవికి, 1948 పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసిన తరువాత కూడ అజ్ఞాతవాసము తప్పలేదు. 1951లో అరెస్టయ్యాడు, ఖైద్ అను కవిత ఆ జైలు జీవితపు ఫలితము. 1952లో హుజూర్‌నగర్ నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు. తరువాత శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశాడు.

కవిత్వము, సంగీతము

మార్క్సిస్టు సిద్ధాంతము, దొరల గడీల క్రింద నలిగిన పల్లెలు, ప్రపంచయుద్ధము - మఖ్దూం కవిత్వానికి ఇవి మూలములు. అయితే ఆయన కవిత నినాదముగా మిగిలిపోలేదు. విప్లవ గీతము వ్రాసిన చేతితోనే గజల్ కూడ వ్రాయుటవలన సంగీత దర్శకులకు అది అనువుగా దొరికినది.

యుద్ధానికి తరలిపోవు సైనికునిపై వ్రాసిన సిపాహీ కవితకు సలిల్ చౌదరి ఉస్‌నే కహా థా (1960) చిత్రములో బాణీ కట్టాడు. మన్నా డే పాడిన ఈ పాట కవాతు గీతమువలె నడచుచునే యుద్ధాన్ని ప్రశ్నించును. మసీదు, మందిరము, మధుశాల చూచుచుండగా దగ్ధమైన ఇరువురు ప్రేమికుల కథ చారాగర్. దీనిని చా చా చా (1964) చిత్రానికి ఇక్బాల్ ఖురేషీ స్వరపరచగా రఫీ, ఆశా భోంస్లే పాడారు. పొట్టకూటికై బొంబాయి చేరిన వలస కార్మికుని కథయైన గమన్ (1978) చిత్రములో జైదేవ్ ఈయన గజల్‌ను ఛాయా గంగూలీచే పాడించాడు. ఇరువురికీ జాతీయ పురస్కారములు లభించినవి.

వీటన్నిటిలో పాతబస్తీకి దగ్గరైనది బజార్ (1982). హైదరాబాదు పేద ముస్లిము కుటుంబములలోని ఆడపిల్లలను గల్ఫ్ ధనవంతులకు పెండ్లి పేరిట అమ్మివేయుట దీని ఇతివృత్తము. పూలను గూర్చిన మఖ్దూం గజల్‌కు ఖయ్యాం కట్టిన మృదువైన బాణీని లతా మంగేష్కర్, తలత్ అజీజ్ ఆలపించారు. విడిగా విన్న అది ప్రేమగీతమే. చిత్రములో మాత్రము, అమ్ముడుపోనున్న పిల్లపై చిత్రించినందున విషాదగీతమైనది.

రచనలు, మరణము

సుర్ఖ్ సవేరా (1944), గుల్-ఎ-తర్ (1961), బిసాత్-ఎ-రఖ్స్ (1966) ఈయన ముఖ్య కవితా సంపుటములు. చివరి దానికి 1969లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అదే సంవత్సరము ఢిల్లీలో గుండెపోటుతో మరణించాడు. హైదరాబాదులోని షా ఖామోష్ శ్మశానవాటికలో సమాధి ఉన్నది.