అడవి పువ్వులను చిత్రించిన దొరసానమ్మ

ధ్యాన భాగములు: మత్తయి 6:28-30, యోహాను 12:24

మన తెలుగు బైబిలులో అడవి పువ్వులని యున్నచోట ఇంగ్లీషు బైబిలులో లిల్లీ పువ్వులని యున్నది. పేరులోనే ఆ పువ్వును ధరించినట్లున్న లిలియాస్ ట్రాటర్ దొరసానమ్మగారి జీవితమును ఈ నెల సంఘస్థుల యెదుట ఉంచుచున్నాను.

ఆమె 1853లో లండనులో ఒక ధనిక కుటుంబమున జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయెను. 1876లో తల్లీ కుమార్తెలు వెనిస్ నగరమునకు వెళ్లిరి. జాన్ రస్కిన్ అను పండితుడు అక్కడనే బస చేసియున్నాడని విని, తల్లి తన కుమార్తె వేసిన బొమ్మలను ఆయనకు పంపెను. కళల విషయమున ఆ దినములలో ఇంగ్లండంతయు ఆయన మాటకు చెవియొగ్గెడిది. స్త్రీలు బొమ్మలు వేయజాలరని తలంచిన ఆ మనుష్యుడు ఈమె బొమ్మలు చూచి, ఆమెను శిష్యురాలిగా చేర్చుకొనెను.

అయితే లిలియాస్ రాత్రివేళ లండను వీధులలో, విక్టోరియా స్టేషను దగ్గర, చెడిపోయిన స్త్రీలను వెదకి ఆదరించుచుండెను. గురువుకు ఇది నచ్చలేదు. 1879లో ఆయన ఆమెను పిలిచి, తక్కిన పనులన్నియు మాని చిత్రకళకే అంకితమైన యెడల ఆ కాలపు చిత్రకారులలో అగ్రస్థానము దొరకునని చెప్పెను. కొన్ని దినములు ఆమె మనస్సు మిగుల నలిగెను. చివరకు, దేవుని రాజ్యమునే మొదట వెదకవలెనని నిశ్చయించుకొని, గురువు మాటను కాదనెను. బొమ్మలు వేయుట పాపమని ఆమె తలంచలేదు సుమా! మన సంఘములలో అట్లు తలంచువారు కొందరున్నారు గనుక చెప్పుచున్నాను.

1887లో ఉత్తర ఆఫ్రికా మిషనువారు ఆమె గుండె బలహీనతను బట్టి ఆమెను తీసికొనలేదు. ఆమె తన సొంత సొమ్ముతోనే, ఇద్దరు స్నేహితురాండ్రతో, 1888 మార్చిలో ఆల్జియర్సు రేవున దిగెను. అక్కడ వారిని ఎరిగినవారు ఒక్కరును లేరు. వారికి అరబ్బీ భాష ఒక్క ముక్కయు రాదు. నలువది ఏండ్లు సేవ చేసినను, నమ్మినవారు కొద్దిమందియే. వారిలో కొందరు ఇంటివారిచేతనే హింసింపబడిరి.

అయినను ఆమె కుంచె విడువలేదు. శిలువనుగూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో తన చేతితోనే పువ్వులను చిత్రించెను. అందులో డాండెలియన్ అను పువ్వు ఒకటి. మన గట్లమీద కలుపని పీకి పారవేయు గడ్డిచామంతికి అది చుట్టము వంటిది. దాని గింజలును దూదివలె గాలికి ఎగురును. పసుపు రేకులు రాలి, తెల్లని గింజల బంతిగా మారిన దశలో ఆమె దానిని చూపెను. అప్పటి దాని పని ఇచ్చుట మాత్రమే. ఏ గాలి వచ్చినను గింజలను ఇచ్చివేయును, తుదకు బోడి కాడ మిగులును. ఇంగ్లీషు పుస్తకములలో గులాబీలు విస్తారముగా ఉండగా ఈ కలుపుమొక్కను ఎన్నుకొనుట నాకు మిక్కిలి ఇష్టము.

మరియొకమారు వేకువను అడవిలో సగము వాడిన డాండెలియన్ సూర్యునివైపు తిరిగి మెరయుట చూచి, ఆమె ఒక కరపత్రము వ్రాసెను. దానిని చదివిన హెలెన్ లెమ్మెల్ అను స్త్రీ 1918లో యేసువైపు కన్నులెత్తుడను భావముగల ఇంగ్లీషు కీర్తన కట్టెను.

కడపటి ఏండ్లు ఆమె మంచముమీదనే గడపి, 1928 ఆగష్టులో ఆల్జియర్సు దాపున ప్రభువునందు నిద్రించెను. ఆమె దినచర్య పుస్తకములలో ఎడారి ఇసుక, ఒంటెలు, అరబ్బు బిడ్డలు, పేరులేని పువ్వులు చిన్న చిన్న రంగుల బొమ్మలుగా నేటికిని ఉన్నవి.