గగనవిహారిణి సోఫీ బ్లాంషార్

మనుష్యుల భయములు ఒక్కతీరున నుండవు. తుపానులో నడిసముద్రమున పడవ నడుపు ధీరుడు తాటిచెట్టు నెక్కుమన్నచో వెనుకంజ వేయవచ్చును. అడవిలో ఒంటరిగా తిరుగువాడు ఇంటిగోడమీది బల్లిని చూచి త్రుళ్లిపడవచ్చును. గోపురముమీదనుండి నేలను చూచినపుడును, లోతైన నూతిలోనికి తొంగిచూచినపుడును అరికాళ్లు జలదరించుట మనలో పలువు రెఱిగినదే. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. సుమారు రెండువందల సంవత్సరములకు పూర్వము ఫ్రాన్సు దేశమున నొక స్త్రీ యుండెను. గుఱ్ఱపుబండిలో ప్రయాణము చేయుటయనిన ఆమెకు భయము. పెద్ద చప్పుడు విన్నచో ఉలికిపడెడిది. ఆ స్త్రీయే చిన్న తొట్టిలో కూర్చుండి, బెలూనునకు వ్రేలాడుచు, మేఘముల నడుమ ఒంటరిగా రాత్రులు గడపెను. ఆమె పేరు సోఫీ బ్లాంషార్.

సోఫీ 1778వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఫ్రాన్సు పశ్చిమతీరమునందలి లా రోషెల్ పట్టణమునకు సమీపమున జన్మించెను. పొట్టి శరీరము, పక్షి ముఖమువంటి కోసుముఖము, బెదరుచూపులు గలదని ఆమెను చూచినవారు వర్ణించిరి. ఆమె అయిదేండ్ల బాలికగా నున్న కాలముననే, మానవుడు అనాదిగా కలలుగన్న ఆకాశగమనము ఆ దేశమున సిద్ధించినది.

అన్నొనే యను ఊరిలో కాగితములు తయారుచేయు కుటుంబమునకు చెందిన మోంగోల్ఫియే సోదరులు 1783 జూన్ 4వ తేదీన బట్టతోను కాగితముతోను పెద్ద సంచి నొకదానిని కుట్టించి, దాని క్రింద మంటపెట్టి వేడిగాలి నింపిరి. వేడెక్కిన గాలి వ్యాకోచించును. కావున చుట్టునున్న చల్లనిగాలికంటె తేలికయగును. ఆ సంచి పైకెగసినది. సెప్టెంబరులో రాజుగారి యెదుట ఒక గొఱ్ఱె, ఒక బాతు, ఒక కోడిపుంజు ఆకాశయాత్ర చేసి ప్రాణములతో దిగివచ్చినవి. నవంబరు 21వ తేదీన పిలాత్ర్ ద రోజియే, దార్లాంద్ ప్రభువు అను నిరువురు పారిస్ నగరముమీదుగా సుమారు ఇరువదియైదు నిమిషములు ప్రయాణించిరి. బంధనము లేని బెలూనులో మనుష్యు లెగురుట అదియే మొదలు.

పది దినములు గడచినవో లేదో, షార్ల్ అను శాస్త్రజ్ఞుడు వేడిగాలికి బదులు ఉదజని వాయువు నింపిన బెలూనులో ఎగిరెను. పై తరగతులలో మీరు చదువబోవు వాయుసూత్రములలో నొకటి ఈయన పేరనే యున్నది. ఆ సాయంకాలము ఆయన తోడివానిని దింపివేసి ఒంటరిగా మరల పైకెగసెను. భారము తగ్గుటచే బెలూను బాణమువలె దూసుకొనిపోయెను. చలి కొఱికినది, చెవిలో తీవ్రమైన నొప్పి పుట్టినది. షార్ల్ క్షేమముగా దిగెను గాని, తన జీవితమున మరల ఎన్నడును బెలూను నెక్కలేదు. అట్టి మహనీయుడే ఒక్క దినముతో చాలించుకొనెనన్న సంగతి మనము మఱువరాదు.

ఈ విద్యను జీవనోపాధిగా చేసికొన్నవారిలో జాఁ పియేర్ బ్లాంషార్ ముఖ్యుడు. 1785 జనవరి 7వ తేదీన జెఫ్రీస్ అను వైద్యునితో కలసి డోవరునుండి బయలుదేరి, ఇంగ్లీషు ఛానలును ఆకాశమార్గమున దాటినవా డీతడే. దారిలో బెలూను సముద్రముపైకి దిగజొచ్చుటచే ఇరువురును సామగ్రియంతయు, తుదకు ఒంటిమీది బట్టలును విసరివేయవలసివచ్చెను. 1793లో అమెరికాలో అధ్యక్షుడు వాషింగ్టన్ చూచుచుండగా ఎగిరినవాడును ఈతడే. ఇంతటి కీర్తి యున్నను ధనము చేత నిలువలేదు. వ్యాపారదృష్టి తక్కువ, ఖర్చు అపారము. సోఫీ ఈయనకు రెండవ భార్య. ఆమె కాపురమునకు వచ్చునప్పటికి ఇంట ఉన్నది పేరును, అప్పులును మాత్రమే.

ఏటేట కొత్తవారు బెలూనులు ఎగురవేయుచుండుటచే జనులకు వింత తగ్గిపోయినది. టిక్కెట్లు అమ్ముడుపోవుట కష్టమైనది. స్త్రీ యెక్కినచో జనులు తప్పక వత్తురని దంపతులు ఆలోచించిరి. అంతకుపూర్వము స్త్రీలు ఎగురలేదని కాదు. 1784లోనే లియోఁ నగరమున తీబ్ల్ అను నామె మోంగోల్ఫియేల తరహా బెలూనులో ఎగిరియుండెను. అయినను ఆడువారు ఈ వృత్తిలో దిగుట అప్పటికిని అరుదే. ఈవిధముగా బండి యెక్కుటకు భయపడు సోఫీ ఆకాశమున కెక్కుటకు సిద్ధపడెను. కొందరు కవులు వ్రాసినట్లు ఆమెను పైకి లేపినది పక్షులను చూచి పుట్టిన కోరిక కాదు, అప్పులవారి ఒత్తిడి.

1804వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన మార్సెయ్ నగరమున ఆమె భర్తతో కలసి మొదటిసారి బెలూను నెక్కెను. ఆ కాలమున ఉదజని బెలూనును ఎగురవేయుట గంటలకొలది పని. పీపాలలో ఇనుపరజను పోసి, దానిపై గంధకికామ్లము పోసెడివారు. పుట్టిన వాయువును గొట్టములద్వారా వార్నీషు పూసిన పట్టుసంచిలోనికి పంపెడివారు. సంచి క్రమక్రమముగా ఉబ్బి, మీది వలను బిగదీసికొని, త్రాళ్లు పట్టుకొన్నవారిని గుంజుచుండును. క్రింది తొట్టిలో ఇసుకసంచు లుండును. పైకి పోవలెనన్న ఇసుక పాఱబోయవలెను. దిగవలెనన్న త్రాడు లాగి శిఖరమునందలి కవాటమును తెఱచి వాయువును వదలవలెను. ప్రక్కలకు త్రిప్పుటకు సాధన మేదియు లేదు. గాలి యెటు పోయిన అటు పోవలసినదే.

త్రాళ్లు వదలిన క్షణమున లోపలివారికి తాము లేచుచున్నట్లు తోచదు. భూమియే క్రిందికి జాఱిపోవుచున్నట్లు తోచును. ఇచట ఒక విశేషము కలదు. ఎత్తన్న భయపడువారిలో పలువురు బెలూనులో నున్నపుడు తమకు ఆ భయము కలుగలేదని చెప్పుచుందురు. గోపురముమీద నిలిచినవానికి తన పాదములనుండి గోడ నేలవఱకును దిగుచు కనబడును. కన్ను ఆ గోడవెంబడి జాఱి లోతును కొలుచును. అప్పుడు తల తిరుగును. బెలూనునకు నేలతో ఏ సంబంధమును లేదు. కొలుచుటకు గోడయు లేదు, మెట్లును లేవు. అదియుగాక బెలూను గాలితోపాటే పోవును గనుక లోపలివారికి గాలి తగులదు. చేతిలోని జెండా గూడ రెపరెపలాడక వ్రాలియుండును. కుదుపు లేదు, చప్పుడు లేదు. క్రింది ఊరిలో మొఱిగిన కుక్క అఱపు మాత్రము సన్నగా వినవచ్చును.

సోఫీ భయపడినవి ఏవో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు: రాళ్లబాటపై ఎగిరిపడు బండిచక్రములు, బెదరి పరుగెత్తగల గుఱ్ఱములు, హఠాత్తుగా పుట్టు శబ్దములు. ఇవన్నియు నేలమీదివి. ఆకాశమున ఆమెకు లభించినది నిశ్శబ్దము. ఆ అనుభవమునకు సాటి మఱియొకటి లేదని ఆమె చెప్పుకొన్నది. అప్పులకొఱకు ఎక్కినది, అటుపై ఇష్టముతో ఎక్కజొచ్చెను. ఎనిమిది నెలలైనను నిండకుండ, 1805 ఆగస్టు 18వ తేదీన తూలూజ్ నగరమునందలి ఒక పురాతన మఠపు తోటనుండి భర్త తోడు లేకుండ ఒంటరిగా ఎగిరెను. అది ఆమెకు మూడవ యాత్ర మాత్రమే.

1808 ఫిబ్రవరిలో హాలెండు దేశపు హేగ్ నగరమున ఎగురుచుండగా బ్లాంషార్‌నకు గుండెపోటు వచ్చి, బెలూనునుండి పడి తీవ్రముగా గాయపడెను. మఱుసటి సంవత్సరము మార్చి 7వ తేదీన మరణించెను. వెనుక మిగిలినవి అప్పులు. సోఫీ అదే వృత్తిని సాగించి ఆ ఋణములను తీర్చుటకు పూనుకొన్నది. ఆమె లెక్క చక్కనిది. తాను తేలికైన మనిషి గనుక చిన్న బెలూను చాలును. చిన్న బెలూనునకు వాయువును, ఖర్చును తక్కువ. ఆమె తొట్టి కుర్చీకంటె కొంచెము పెద్దది, అంతే. దాని అంచు ఆమె నడుమువఱకైనను సరిగా రాదు. అందులో ఆమె రాత్రియంతయు ఆకాశమున నుండి, అప్పుడప్పుడు కునుకు తీసి, తెల్లవాఱిన పిదప దిగుట కలదు.

చక్రవర్తి నెపోలియన్ ఆమెను ఆదరించెను. ఆయన పట్టాభిషేక మహోత్సవమున గార్నెరెన్ అనునాతడు వదలిన బెలూను అదుపుతప్పి ఇటలీకి కొట్టుకొనిపోయి, రోము సమీపమున నొక సరస్సులో పడియుండెను. అందుపై గార్నెరెన్ ప్రాపు కోల్పోయెను. రాజోత్సవములలో ఎగురు గౌరవము సోఫీకి దక్కినది. 1810లో చక్రవర్తి వివాహోత్సవములందు ఆమె ఎగిరెను. 1811 మార్చిలో ఆయనకు కుమారుడు కలిగినపుడు పారిస్‌పై ఎగిరి ఆ వార్తను ముద్రించిన కాగితములను క్రిందికి చల్లెను. 1814లో నెపోలియన్ పదవీచ్యుతుడు కాగా, పదునెనిమిదవ లూయీ పారిస్ ప్రవేశించిన దినమునను ఆమె బెలూను నగరముపై లేచెను. ఆ రాజును మెచ్చి ఆమెకు బిరుదు నొసగెను. రాజులు మాఱిరి గాని ఆకాశమున ఎగురుటకు ఆమెయే కావలసివచ్చినది!

ఆమె ధైర్యమునకు పరీక్షలు తక్కువ కాలేదు. 1811 ఆగస్టులో వెన్సెన్ దగ్గఱ ఎగిరినపుడు వడగండ్లవాన ఎదురైనది. దానిని తప్పించుకొనుటకు మిక్కిలి ఎత్తునకు పోయి, అచటి పలుచనిగాలిలో స్పృహ తప్పెను. ఆ యాత్రలో పదునాలుగున్నర గంటలు ఆమె గాలిలోనే యుండెను. 1812 ఏప్రిల్ 26వ తేదీన టూరిన్ నగరమునుండి ఎగిరినపుడు చలికి ఆమె ముక్కునుండి రక్తము కాఱినది. చేతులమీదను ముఖముమీదను మంచు పేరుకొన్నది. 1817 సెప్టెంబరులో నాంత్ పట్టణమున చిత్తడినేలను పచ్చని బయలనుకొని దిగబోగా, బెలూను చెట్టునకు చిక్కుకొని తొట్టి తలక్రిందైనది. త్రాళ్లలో చిక్కుపడి నీట మునుగుచుండిన ఆమెను జనులు వచ్చి రక్షించిరి. ఇన్ని జరిగినను నేలమీద బండి యెక్కుటకు ఆమెకుండిన భయము పోలేదందురు.

జనులు నానాటికి కొత్తవింతలు కోరసాగిరి. సోఫీ రాత్రులందు ఎగురుచు, చిన్న పారాషూటులకు మతాబులు కట్టి ఆకాశమునుండి వదలెడిది. ఉదజని అగ్నికి ఎంత వేగముగా అంటుకొనునో ఆమె ఎఱుగనిది కాదు. మిత్రులును హెచ్చరించిరి. నా అభిప్రాయమున ఇందలి దోషము ఆమెది మాత్రమే కాదు. చూడవచ్చినవారి కోరికకును ఇందు పాలు కలదు.

1819 జూలై 6వ తేదీ రాత్రి పారిస్‌లోని తివోలీ ఉద్యానమున ఆమె అరువదియేడవ యాత్రకు సిద్ధపడెను. గాలి బలముగా నుండెను. ఆమె ఆనాడు అలవాటునకు మించి కలవరపడినదని చూచినవారు చెప్పిరి. తెల్లని దుస్తులు ధరించి, ఈకల కుచ్చుగల టోపీ పెట్టుకొని, తెల్లజెండా చేతబట్టి పదిన్నర గంటలకు లేచెను. బెలూను మొదట చెట్లకు తగిలినది. ఆమె ఇసుక పాఱబోసి పైకి పోయి మతాబులు వెలిగించెను. కొంతసేపటికి బెలూనుపైన కొత్త వెలుగు కనబడెను. అదియు ప్రదర్శనలో భాగమనుకొని జనులు చప్పట్లు కొట్టిరి. వాయువునకు నిప్పంటుకొన్నదని తెలియుటకు వారికి కొంత సమయము పట్టినది.

బెలూను ఒక్కసారిగా పడలేదు. ఆమె భారము తగ్గించి నెమ్మదిగా దిగుటకు ప్రయత్నించినది. ఇంచుమించు దిగినదే. కాని గాలి ఆమెను ప్రోవాన్స్ వీధిలోని ఇండ్లమీదికి తీసికొనిపోయెను. తొట్టి ఒక ఇంటికప్పునకు తగిలి పల్టీకొట్టగా ఆమె వీధిలో పడి మరణించెను. అప్పటి కామె వయస్సు నలువదియొక్క సంవత్సరములు.

ఆ రాత్రి ప్రదర్శనకు వచ్చిన సొమ్మును ఆమె బిడ్డలకిత్తుమని ఉద్యానపు యజమానులు అచ్చటనే ప్రకటించిరి. జనులును చందాలు వేసిరి. పిదప విచారింపగా ఆమెకు బిడ్డలు లేరని తెలిసినది. ఆ ధనముతో పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానవాటికయందు ఆమె సమాధిపై ఒక స్మారకచిహ్నమును నిర్మించిరి. దాని శిఖరమున మండుచున్న బెలూను నొకదానిని శిల్పి రాతిలో చెక్కినాడు. అది నేటికిని అచట నున్నది.