గ్రంథాన్వేషి ఖుదాబక్ష్ ఖాన్

రాజ్యాలను జయించినవారి చరిత్రలతో మన పాఠ్యగ్రంథాలు నిండి ఉన్నవి. పుస్తకాలను కాపాడినవారి చరిత్రలకు వాటిలో చోటు అరుదు. తెలుగువారికి ఈ విషయంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు చిరపరిచితం. శిథిలమవుతున్న తాళపత్రాలను వెదకించి, పండితులచేత నకళ్లు వ్రాయించి, వేమన పద్యాలను, ప్రాచీన కావ్యాలను మనకు దక్కించిన ఆ మహనీయుని (1798–1884) ఋణం తీరేది కాదు. అరబ్బీ, పారశీక వాఙ్మయాలకు అటువంటి సేవ చేసిన మరొకరు బీహారులోని పాట్నా నగరవాసి మౌల్వీ ఖుదాబక్ష్ ఖాన్. ఉర్దూ, తెలుగు రెండూ ఒకే కప్పు క్రింద వినిపించే మన కళాశాలలో బ్రౌన్‌ను ఎరిగినవారు ఖుదాబక్ష్‌ను కూడా ఎరుగుట ఉచితమని తలచి ఈ జీవిత రేఖలను పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన కొంతకాలం మన హైదరాబాదులో నివసించినవాడు కావడం ఇందుకు మరొక కారణం.

ఖుదాబక్ష్ 1842 ఆగస్టు 2వ తేదీన బీహారులోని సారన్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి మహమ్మద్ బక్ష్ పాట్నాలో న్యాయవాది. ఆ ఇంట ధనం కంటె గ్రంథాలకు గౌరవం ఎక్కువ. పెద్దలనుండి మహమ్మద్ బక్ష్‌కు సంక్రమించిన వ్రాతప్రతులు సుమారు 300. వకీలు వృత్తిలో వచ్చిన రాబడిలో అధిక భాగాన్ని ఆయన పుస్తకాలకే వెచ్చించి ఆ సంఖ్యను 1400కు పెంచారు. అది వ్రాతప్రతులకు గడ్డుకాలం. 1857 తిరుగుబాటు అణచివేతలో ఢిల్లీ, లక్నో నగరాలు కొల్లగొట్టబడినవి. తరతరాలుగా కోటలలో, హవేలీలలో భద్రంగా ఉన్న గ్రంథాలయాలు చెల్లాచెదరైనవి. చక్రవర్తుల ముద్రలు గల పుస్తకాలు బజారులో అమ్మకానికి వచ్చిన రోజులవి. అటువంటి వేళ ఒక మధ్యతరగతి న్యాయవాది తన సంపాదనతో వాటిని చేరదీయ పూనుకొనడం సామాన్య విషయం కాదు.

కుమారుని చదువు సాఫీగా సాగలేదు. ఉన్నత విద్యకై కలకత్తా వెళ్లిన ఖుదాబక్ష్ తండ్రి అనారోగ్యం వలన ఇంటికి తిరిగి రావలసి వచ్చింది. కుటుంబ భారం ఆ యువకుని భుజాలపై పడింది. చిన్న ఉద్యోగాలు చేస్తూనే న్యాయశాస్త్రం అభ్యసించి, 1868లో ఉత్తీర్ణుడై పాట్నాలో వకీలుగా స్థిరపడ్డారు. అనతికాలంలోనే మంచి పేరు వచ్చింది. 1880లో ప్రభుత్వ న్యాయవాదిగా నియమితులయ్యారు.

1876లో మహమ్మద్ బక్ష్ మరణించారు. మరణశయ్యపై నుండి ఆయన కుమారుని కోరినది ఒకే ఒక కోరిక. తాను కూర్చిన గ్రంథాలను వృద్ధి చేసి, చేతనైన నాడు వాటిని ప్రజలందరికీ ఉపయోగపడే గ్రంథాలయంగా తీర్చవలెనని. సామాన్యంగా తండ్రి కొడుకునకు ఆస్తి ఇచ్చి అనుభవించమంటాడు. ఈ తండ్రి ఆస్తిని పెంచి లోకానికి ఇచ్చివేయమన్నాడు! ఆ మాట నిలుపుకొనుటయే ఖుదాబక్ష్ శేష జీవితమంతటికీ లక్ష్యమైంది.

పాత పుస్తకాలు వాటంతట అవి నడచి రావు. వాటిని వెదకే విధానంలో ఖుదాబక్ష్ చూపిన నేర్పు గమనింపదగినది. మహమ్మద్ మక్కీ అనే అరబ్బు విద్వాంసుని నెలకు యాభై రూపాయల జీతంపై నియమించి, దాదాపు పద్దెనిమిది సంవత్సరాలు అరబ్బు దేశాలలో పర్యటింపజేశారు. కైరో, డమాస్కస్, బేరూత్ నగరాల నుండి ఆ అన్వేషకుడు వెదకి తెచ్చిన ప్రతులు గంగాతీరంలోని బాంకీపూర్ చేరినవి. స్వదేశంలో అమ్మకందారులకై ఆయన అనుసరించిన పద్ధతి మరింత సులువైనది. వ్రాతప్రతులతో తన ఇంటికి వచ్చిన ప్రతి వర్తకునికీ, బేరం కుదిరినా కుదరకపోయినా, రైలు ఖర్చులకు రెట్టింపు ఇచ్చి పంపేవారు. ఫలితంగా దేశంలో ఎక్కడ మంచి ప్రతి బయటపడినా అమ్మదలచినవాడు మొదట బాంకీపూర్ రైలే ఎక్కేవాడు.

ఇంతటి గ్రంథాభిమానంలో సహజంగా కొంత అసూయ కూడా కలిసి ఉంటుంది. విలువైన పుస్తకాన్ని స్నేహితునికైనా ఎరువిచ్చేవాడు గ్రుడ్డివాడనీ, చేజిక్కిన అటువంటి పుస్తకాన్ని తిరిగి ఇచ్చేవాడు అంతకు మించిన గ్రుడ్డివాడనీ ఆయన పరిహాసమాడేవారట. నవ్వులాటకు అన్న మాటే అయినా అందులో సంగ్రాహకుని మనస్సు కనిపిస్తుంది. వెదకి తెచ్చినదానిని విడువలేకపోవడం ఆ మనస్సు లక్షణం. ఖుదాబక్ష్ ఆ మమకారాన్ని జయించడమే ఆయన జీవితంలో ముఖ్యఘట్టమని మేము తలుస్తాము.

ఒకమారు గ్రంథాలయంలో పనిచేసిన వ్యక్తియే కొన్ని అమూల్యమైన ప్రతులను దొంగిలించి లాహోరులోని ఒక వర్తకునికి పంపాడు. ఇంతటి విలువ ఇచ్చి కొనగలవారు ఎవరా అని ఆ వర్తకుడు ఆలోచించి, వాటిని ఖుదాబక్ష్‌కే అమ్మజూపాడు! అలా పోయిన సొత్తు సొంతదారు వద్దకే తిరిగి వచ్చింది.

1888 ప్రాంతంలో సుమారు 80,000 రూపాయల వ్యయంతో గ్రంథాలకై రెండంతస్తుల భవనం కట్టించారు. 1891లో దస్తావేజు వ్రాసి, భవనాన్నీ, అందులోని దాదాపు 4,000 వ్రాతప్రతులనూ, అచ్చు పుస్తకాలనూ ప్రజలకు ధారాదత్తం చేశారు. ఆ సంవత్సరం అక్టోబరులో నాటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు సర్ చార్లెస్ ఇలియట్ ప్రారంభోత్సవం జరిపారు. గ్రంథాలు పాట్నా విడిచి పోరాదన్నది దస్తావేజులోని ముఖ్యమైన షరతు. బ్రిటిష్ మ్యూజియంవారు పెద్ద మొత్తం ఇవ్వజూపినా ఆయన అంగీకరించలేదు. లండనులో ఆ ప్రతులు సురక్షితంగానే ఉండేవేమో! కాని పాట్నాలోని ఒక పేద విద్యార్థికి అవి అందేవా? తండ్రి కోరినది భద్రత మాత్రమే కాదు, అందుబాటు కూడా.

హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం వెలసినది కూడా ఆ 1891వ సంవత్సరంలోనే. ఆ హైదరాబాదు రాజ్యానికే నాలుగేళ్ల తరువాత ఖుదాబక్ష్ రావడం తటస్థించింది. 1895లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆయనను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నియమించింది. 1898 వరకు ఆ పదవిలో ఉన్నారు. తన సంగ్రహంలోని గ్రంథాలను, గ్రంథకర్తలను పరిచయం చేస్తూ పారశీక భాషలో ఆయన రచించిన మహబూబుల్ అల్బాబ్ ఇక్కడనే అచ్చయింది.

హైదరాబాదు రోజులకు సంబంధించిన ఒక ఉదంతం ప్రసిద్ధమైనది. ఒకనాటి సాయంకాలం న్యాయస్థానం నుండి బండిలో ఇంటికి మరలివస్తుండగా, ఒక కిరాణా దుకాణంలో పిండి బస్తాపై పడి ఉన్న పాత కాగితాల కట్ట ఆయన కంటబడింది. బండి ఆపించి, దిగి, పుటలు తిరగవేసి, వెల అడిగారు. దుకాణదారుడు లోకం తెలిసినవాడు. మరెవరైనా అడిగితే ఆ చివికిన కాగితాలను మూడు రూపాయలకు ఇచ్చేవాడిననీ, ఇంత గొప్ప దొరవారు మనసుపడ్డారంటే అందులో ఏదో విశేషం ఉండి తీరుతుందనీ, కనుక ఇరవై రూపాయలు కావలెననీ చెప్పాడు. ఖుదాబక్ష్ బేరమాడక సొమ్ము చెల్లించి కట్ట తీసుకున్నారు. ఎందుకూ కొరగాని కాగితాల మధ్య అందులో గ్రంథసూచికకు సంబంధించిన ఒక ప్రాచీన అరబ్బీ గ్రంథం ఉన్నది. తరువాత నిజాం నాలుగు వందల రూపాయలు ఇస్తామన్నా ఆయన దానిని వదులుకోలేదు.

ఈ కథ విని న్యాయమూర్తి సూక్ష్మదృష్టిని మెచ్చుకొని ఊరుకుంటే చాలదు. ఆ గ్రంథం పిండి బస్తాపైకి ఎలా వచ్చినట్లు? పుస్తకాలను దగ్ధం చేసేది యుద్ధాలే అని మనం అనుకుంటాము. కాని తాత చదివిన లిపి మనుమనికి రానినాడు, ఇంట పుస్తకం ఉండీ లేనిదే అవుతుంది. చదవలేని కాగితానికి తూకమే విలువ. ఆ కట్టను అంతకుముందు ఎందరో చూచి ఉంటారు. చదవగలవాడు ఆ దారిన వచ్చినప్పుడు మాత్రమే అది పుస్తకమైంది.

బాంకీపూర్ సంగ్రహం ఏ ఒక్క శాస్త్రానికో, మతానికో పరిమితమైనది కాదు. మత గ్రంథాలతోపాటు చరిత్ర, కవిత్వం, వైద్యం, వృక్షశాస్త్రం అన్నీ అక్కడ ప్రక్క ప్రక్కన ఉన్నవి. తైమూరు వంశ చరిత్రను తెలిపే తారీఖె ఖాందానె తైమూరియా అక్బరు ఆస్థానంలో సిద్ధమైనది. 132 వర్ణచిత్రాలు గల ఆ ప్రతికి లోకంలో మరొక ప్రతి లేదు. 2011లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. హాఫిజ్ దీవాన్ ప్రతి ఒకటి మొఘల్ చక్రవర్తుల ఇంట తిరిగినది. హుమాయూన్, జహంగీరులు అందులో శకునం చూచుకొని, వచ్చిన ఫలితాలను అంచులలో స్వహస్తాలతో వ్రాసుకున్నారు. స్పెయిన్ దేశపు వైద్యుడు అల్ జహ్రావీ రచించిన శస్త్రచికిత్సా గ్రంథానికి చెందిన ప్రాచీన ప్రతిలో శస్త్రాల బొమ్మలు నేటికీ స్పష్టంగా ఉన్నవి. గ్రీకు పండితుడు డయస్కోరిడీస్ ఓషధులను గూర్చి వ్రాసిన గ్రంథపు అరబ్బీ అనువాదం మరొక మణి. గ్రీకు వైద్యం అరబ్బీలోకి, అరబ్బీ గ్రంథం గంగాతీరానికి చేరిన ఆ ప్రయాణాన్ని తలచుకుంటే, జ్ఞానానికి కులమతాలు, ఎల్లలు లేవన్న మాట ఉత్త అలంకారం కాదని బోధపడుతుంది.

హైదరాబాదు నుండి తిరిగి వెళ్లిన పిమ్మట ఖుదాబక్ష్ ఆరోగ్యం చెడింది. పక్షవాతం వృత్తికి అడ్డమైంది. సంపాదించినదంతా పుస్తకాలపాలు కాగా చేతిలో మిగిలినవి అప్పులు. ఒక్క ప్రతిని అమ్మినా కష్టాలు గట్టెక్కేవి. కాని ఆ ప్రతులు అప్పటికి తనవి కావు. తానే స్వయంగా వాటిని ప్రజల పరం చేసి ఉన్నాడు. చివరకు ప్రభుత్వం అప్పులు తీర్చి, గ్రంథాలయ కార్యదర్శిగా నియమించి నెలవారీ భృతి ఏర్పాటు చేసింది. 1903లో వైస్రాయి కర్జన్ ప్రభువు గ్రంథాలయాన్ని దర్శించాడు. ఆయన పేర 1905లో పఠన మందిరం వెలసింది. సర్ డెనిసన్ రాస్ ప్రోత్సాహంతో మౌల్వీ అబ్దుల్ ముక్తదిర్ సిద్ధపరచిన వివరణాత్మక సూచిక మొదటి సంపుటం 1908లో వెలువడింది. ఆ సంవత్సరమే ఆగస్టు 3వ తేదీన ఖుదాబక్ష్ కన్నుమూశారు. గ్రంథాలయ ఆవరణలోనే ఆయన సమాధి ఉన్నది.

1969లో పార్లమెంటు చట్టం ద్వారా ఖుదాబక్ష్ ఓరియంటల్ పబ్లిక్ లైబ్రరీ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందింది. నాలుగు వేల ప్రతులతో ఆరంభమైన ఆ నిలయంలో నేడు ఇరవై వేలకు పైగా వ్రాతప్రతులున్నవి.

ఈ జీవితం మనకు నేర్పే పాఠమేమి? మరుగున పడిన గ్రంథాన్ని కనుగొనడం సగం పనియే. దానిని ముక్కు మొగము తెలియని పాఠకుని చేతికి అందించినప్పుడే ఆ పని పూర్తి అవుతుంది. పెట్టెలో దాచుకున్న పుస్తకానికీ, పిండి బస్తాపై పడిన పుస్తకానికీ లోకం దృష్టిలో భేదం స్వల్పం. రెండూ చదువబడనివే.

మన ఇండ్లలో కూడా పాత ట్రంకు పెట్టెలున్నవి. వాటిలో తాతగారు వ్రాసుకున్న ఉర్దూ బయాజులు, యునానీ వైద్యపు చిట్టాలు, పారశీకంలోని పాత దస్తావేజులు, అటకపై తాళపత్రాల కట్టలు ఉండవచ్చు. ఈ సెలవులలో విద్యార్థులు వాటిని ఒకసారి తెరచి చూడవలెనని మా కోరిక. చినిగిన పుటలకు జిగురు పట్టీలు అంటింపవద్దు. తేమ తగలని చోట నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. గ్రంథం పేరు, కర్త పేరు, చివరి పుటలో లేఖకుడు తన పేరు, తేదీ వ్రాసి ఉంటే అవి ఒక కాగితంపై ఎక్కించండి. మీకు లిపి తెలియకుంటే తెలిసిన సహాధ్యాయిని పిలవండి. ఉర్దూ చదివేవారూ తెలుగు చదివేవారూ ఒకే బల్లపై కూర్చునే అదృష్టం అన్ని కళాశాలలకూ లేదు. పిదప ఇంటి పెద్దల అనుమతితో ఆ వివరాలను మన గ్రంథాలయానికి అందజేయండి. పాతకాగితాల వాడు వీధిలోకి వచ్చేలోపుగా ఈ పని జరగాలి. అతనికి తూకం తెలుసును; చదవడం మనకు తెలిసి ఉండాలి.