ఏ.ఎస్.రావు నగర్ వెనకున్న రావు గారు

పిస్కాటవేలో నలుగురు తెలుగువాళ్లు కలిసినచోట, హైదరాబాదులో మీదెక్కడండీ అంటే ఏ.ఎస్.రావు నగర్ అనేవారు ఒక్కరైనా తగులుతారు. ఆ రావు గారెవరో తెలిసినవారు మాత్రం తక్కువే.

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీలో ఎమ్మెస్సీ చదివి, కొన్నేళ్లు అక్కడే పాఠాలు చెప్పి, స్టాన్‌ఫర్డులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చేశారు. మనలాగే! కాకపోతే చదువవగానే తిరిగి వెళ్లిపోయి భాభా గారి దగ్గర చేరారు. 1956లో అప్సర అణు రియాక్టరు కంట్రోల్ వ్యవస్థను రావు గారి బృందమే తయారుచేసింది.

1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైనప్పుడు ఆయనే సారథి. బయటినుంచి తెచ్చి బిగించడం కాదు, డిజైనే మనదై ఉండాలని ఆయన పట్టు. అలా వచ్చిందే టీడీసీ-12 కంప్యూటర్. పన్నెండే బిట్లు! మన చేతిలో ఫోన్లవి 64. అయితే అప్పటికి ఇంటెల్ తొలి మైక్రోప్రాసెసర్ కూడా రాలేదు, అది 1971 మాట. ఈసీఐఎల్ యంత్రాలు అమెరికా యంత్రాలతో పోటీపడలేకపోయిన మాట నిజమే. కానీ కంప్యూటర్ లోపల ఏముందో చేతులతో ఎరిగిన ఇంజనీర్లు అక్కడే తయారయ్యారు. నా లెక్కలో అసలు ఉత్పత్తి అదే.

1972లో పద్మభూషణ్ అందుకున్న రావు గారు 2003లో కన్నుమూశారు. ఈసీఐఎల్ ఉద్యోగులు ఇళ్లు కట్టుకున్న కాలనీకి మాత్రం ఆయన పేరే నిలిచింది.